వైతరణికి పంపిన తెల్లగుర్రం

మీలో గోదానం చేసినవాళ్ళు ఉంటారు, గొడుగూ చెప్పులూ దానం చేసినవాళ్ళు ఉంటారు. చచ్చిపోయిన మనిషి ఫోనులో అడిగితే గుర్రాన్ని దానం చేసినవాణ్ణి మాత్రం ఈ శ్రీకాకుళం జిల్లాలో నేనొక్కణ్ణే అయి ఉంటాను. ఎలా చేశానో చెబుతాను. నవ్వడానికి మీకు పూర్తి స్వేచ్ఛ ఉంది. ఆ రోజుల్లో నేను మాత్రం నవ్వలేదు. పట్టపగలు కూడా తలుపు వేసుకోలేక, ఓరగా తీసిపెట్టి స్నానం చేశాను.

అప్పుడు నేను టెక్కలిలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. నాన్న సైన్సు మాస్టారు. తాతయ్య పురోహితుడు. ఒకే గ్రహణానికి మా ఇంట్లో రెండు కారణాలుండేవి. ఎవరి కారణం వాళ్ళు చెప్పుకుని, విడుపు స్నానాలయ్యాక ఇద్దరూ కూర్చుని ఒకే పప్పుచారు తినేవారు. నేను ఎటూ చెందకుండా మూడో విద్యలో పడ్డాను. అది ఫోనులో ఆడే యుద్ధాల ఆట. అందులో కోటలుంటాయి, కత్తులూ కవచాలూ గుర్రాలూ ఉంటాయి. నెలల తరబడి ఆడితేగాని దొరకనివి కొన్ని ఉంటాయి. వాటిని ఒకరికొకరు మార్చుకోవచ్చు, కానుకగా పంపుకోవచ్చు. సంత ఉన్న చోట జేబుదొంగ ఉన్నట్టే, మార్చుకునే వీలున్న చోట మాయగాడూ ఉంటాడు.

ఆ మాయగాళ్ళను పసిగట్టడంలో నేను పండితుణ్ణి. పలాస, టెక్కలి, కోటబొమ్మాళి కుర్రాళ్ళం కలిసి పెట్టుకున్న జట్టులో ఆ బిరుదు నాకు ఎవరూ ఇవ్వలేదు, నేనే తీసుకున్నాను. హరిశ్చంద్రపురం కుర్రాడొకడు తన బంగారు కవచాన్ని ఎవడికో ఇవ్వబోతుంటే ఆపింది నేనే. అవతలివాడు ముందు మంచి కత్తి చూపించి, చివరి బొత్తాం నొక్కబోయే ముందు దాన్ని తీసేసి, చూడ్డానికి అలాగే ఉండే తుప్పుకత్తి పెట్టాడు. నేను పట్టేశాను. హరిశ్చంద్రుడి పేరున్న ఊళ్ళో పుట్టినంత మాత్రాన లోకమంతా నిజమే చెబుతుందనుకుంటే ఎలారా అని వాడికి పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. తొందరపెట్టేవాణ్ణి నమ్మొద్దన్నాను. పేరులో ఒక్క అక్షరం మార్చుకుని స్నేహితుడిలా వచ్చేవాణ్ణి నమ్మొద్దన్నాను. బదులేమీ పెట్టకుండా, ముందు నువ్వు కానుకగా పంపెయ్ అనేవాణ్ణి, ఎవరికీ చెప్పొద్దనేవాణ్ణి అసలు గడప తొక్కనివ్వొద్దన్నాను. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడిందంటారు. నేను పడింది కుడితిలో కాదు, వైతరణిలో.

మా జట్టుకు పెద్ద ధర్మారావు. వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డున కొబ్బరితోటల ఊరు అతనిది. నాకంటే చాలా పెద్దవాడు. చుట్టరికం ఏమీ లేదు, అయినా మా వైపు వరస కలపనిదే మాట కలవదు కాబట్టి మొదటిరోజే బావ అయిపోయాడు. కిడ్నీలు పాడై, వారానికి మూడుసార్లు పలాస వచ్చి డయాలసిస్ మంచం మీద పడుకునేవాడు. ఇంటింటా కిడ్నీ రోగులున్న మా ఉద్దానంలో ఈ మాట చెబితే ఎవరూ ఉలిక్కిపడరు. ఏ టైము అని అడుగుతారు, అంతే. ధర్మా బావది ఉదయం తొమ్మిది. తొమ్మిదయ్యేసరికి ఆటలో అతని పేరు పక్కన పచ్చచుక్క వెలిగేది. "ఏటి బావ, ఉన్నావా" అని పలకరింపు వచ్చేది. అక్కడ మిషను అతని రక్తం కడుగుతుంటే ఇక్కడ అతను శత్రువుల రక్తం పారించేవాడు.

అతనికి ఓ తెల్లగుర్రం ఉండేది. మా ఎవరికీ లేనిది, ఎన్ని యుద్ధాలు చేసినా మాకు దొరకనిది. ఒకసారి ఒంట్లో బాగా లేనప్పుడు దాన్ని నాకు పంపించి, "నీ దగ్గరుంచు బావ, మళ్ళీ అడుగుతాను" అని రాశాడు. అడగలేదు. కార్తీకంలో పోయాడు.

పదోరోజుకు వాళ్ళ ఊరు వెళ్ళాను. అతని భార్య నీలవేణి అక్కను చూడటం అదే మొదటిసారి. నేను ఫలానా అని చెప్పుకుంటే, "నువ్వా బాబూ, టెక్కలి బావవి" అని కొంచెంసేపు నా ముఖంలోకి చూసింది. ఇంకేదో అనబోయి ఆగిపోయింది. గుర్రం సంగతి నేనూ ఎత్తలేదు. ఏడుస్తున్న ఇంట్లో ఫోనులో ఉన్న గుర్రం మాట ఎలా ఎత్తుతాం.

శివరాత్రి వెళ్ళిన కొత్తల్లో ఓ ఉదయం. ఆ ఏడాది చలి పోయినా పొగమంచు మాత్రం పోలేదు. వీధిలో ఎదురిల్లు కనబడటం లేదు, ఆ ఇంట్లో దగ్గు మాత్రం వినబడుతోంది. నాన్న బడికి వెళ్ళిపోయాడు, అమ్మ బజారుకెళ్ళింది, తాతయ్య వసారాలో కునుకు తీస్తున్నాడు. నేను ఆట తెరిచాను. గోడగడియారం తొమ్మిది కొట్టింది. ధర్మా బావ పేరు పక్కన పచ్చచుక్క వెలిగింది.

చాలాసేపు ఆ చుక్కనే చూస్తూ ఉండిపోయాను. చుక్క కూడా నన్నే చూస్తోందనిపించింది.

కార్తీకంలో అతను ఆసుపత్రిలో ఉన్నప్పుడు నేను పంపిన చివరి ప్రశ్న, "ఎలా ఉన్నావు బావా" అన్నది, జవాబు లేకుండా అలాగే ఉండిపోయింది. ఇప్పుడు దాని కింద అక్షరాలు వచ్చాయి.

"బాగానే ఉన్నాను బావ. ఏటి, ఉన్నావా."

ఫోను కింద పెట్టేసి మళ్ళీ తీశాను. అయినా పండితుణ్ణి కదా, పేరులో అక్షరం ఏమైనా మార్చారేమోనని కూడబలుక్కుని చదివాను. అక్షరం తేడా లేదు. బొమ్మ అదే. పాత మాటలన్నీ పైన వరసగా ఉన్నాయి. ఎవడో దొంగ అతనిలా వేషం వేసుకుని రాలేదు. ఇది అతని ఐడీయే. నా శాస్త్రంలో ఇలాంటి రోగానికి మందు రాసి లేదు.

ఎక్కడున్నావని అడిగాను.

"కొత్త చోటికొచ్చినాను. సిగ్నల్ సరిగా లేదు."

"అక్కడ ఎలా ఉంది బావా?"

"ఒకటే ఉక్క. జనం ఎక్కువ."

స్వర్గమా, రెండోదా అని అడగడానికి వేళ్ళు రాలేదు. ఉక్క, జనం అంటే ఏది అన్నది తెలుస్తూనే ఉంది. పడాల్సిన బాధలన్నీ పలాసలోనే పడి వెళ్ళిన మనిషికి అక్కడ కూడానా అనిపించింది. నొప్పి తగ్గిందా అని అడిగాను. అతను బతికున్నప్పుడు నేను రోజూ అడిగే ప్రశ్నే అది.

"తగ్గింది. నా గుర్రం ఇచ్చీ బావ. మళ్ళీ అడుగుతానన్నాను కదా."

వీపు మీద ఎవరో తడిగుడ్డ పరిచినట్టయింది. గుర్రం ఎందుకని అడిగాను.

"నది దాటాల. అందరూ అవతలి ఒడ్డుకి ఎల్లిపోతన్నారు. నానొక్కణ్ణే ఉండిపోనాను. బేగి పంపు."

ఇక్కడ మీకో నిజం చెప్పాలి. ఆటలో ఆ వారమే కొత్త రాజ్యం ఒకటి తెరిచారు. దానికి అడ్డంగా ఓ నది ఉంటుంది, మంచి గుర్రం ఉంటే దాటడం సులువు. ఈ సంగతి నాకు తెలుసు, జట్టులో అందరికీ చెప్పింది కూడా నేనే. కానీ ఆ పొగమంచులో, ఆ తొమ్మిది గంటల వేళ, తాతయ్య మనవడికి లోకంలో ఒకటే నది కనిపించింది.

వసారాలోకి వెళ్ళి తాతయ్యను తట్టి లేపి, వైతరణి దాటడానికి ఆవే కావాలా, గుర్రం పనికొస్తుందా అని అడిగాను. తాతయ్య కళ్ళు తెరవకుండానే ఆలోచించాడు. "ఆవైతే తోక పట్టుకుంటారు. గుర్రం తోక పట్టుకుంటే తంతుందిరా. ఎక్కి కూర్చోవాలి" అని అటు తిరిగి పడుకున్నాడు.

శాస్త్రం ఒప్పుకుంది. నేను కాళ్ళు కడుక్కుని తూర్పుకు తిరిగి కూర్చున్నాను. ఫోను పీట మీద పెట్టాను. తాతయ్య రాగి ఉద్ధరిణెతో నీళ్ళూ నువ్వులూ వదిలి, ధర్మారావు బావ గోత్రం తెలియదు గనక ఆ చోట అతని ఊరి పేరు చెప్పి, కానుక బొత్తాం నొక్కాను. తెల్లగుర్రం ఒక్కసారి జూలు విదిల్చి మాయమైంది. నువ్వులు రెండు ఛార్జింగు రంధ్రంలోకి పోయాయి, ఫోను రిపేరువాడు వాటిని సూదితో తీసినప్పుడు ఇవేమిటని అడిగితే ఏమీ చెప్పలేకపోయాను.

"వచ్చింది బావ. దేవుడివి నువ్వు" అని వచ్చింది. చుక్క ఆరిపోయింది. వీధిలో మంచు వెనక నుంచి గుర్రం సకిలింపు సన్నగా వినిపించి దూరమైపోయింది. పాతసామాన్లవాడి బండి ఇరుసు అలా అరుస్తుందని నాకు ఎన్నో ఏళ్ళుగా తెలుసు. ఆ పూట గుర్తు రాలేదు.

తర్వాత రోజూ తొమ్మిదికి చుక్క వెలిగేది. దొంగలకూ డ్యూటీ టైము ఉంటుందన్న ఊహ నాకు రాలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, అతనే వద్దన్నాడు. ఎవరికీ చెప్పొద్దనేవాణ్ణి గడప తొక్కనివ్వొద్దన్న పండితుడే ఇప్పుడు గడప కడిగి ముగ్గేసి ఎదురుచూస్తున్నాడు. ఓరోజు అతను నన్ను "భయ్యా" అన్నాడు. మనసులో ముల్లు గుచ్చుకుంది. కానీ హైదరాబాదు వెళ్ళి ఆర్నెల్లుండి వచ్చినవాళ్ళకే యాస మారిపోతుంటే, అంత దూరం వెళ్ళినవాడికి మారదా అని సర్దుకున్నాను.

ఆ మర్నాడు వచ్చిన మాట వేరు. నది దాటలేకపోతున్నాడట. అతని ఐడీ ఆగిపోయేలా ఉందట, నా నెంబరుతో కలిపితే నిలబడుతుందట. "నీకు ఆరంకెల నెంబరొకటి వస్తాది. అది సెప్పీ. బేగి."

ఆరు అంకెలూ వచ్చాయి. వాటిని చూస్తూ కూర్చున్నాను. చెప్పేసేవాణ్ణే. దాచను. కానీ మనిషి శాశ్వతంగా అవతలి ఒడ్డుకు వెళ్ళిపోతున్నాడన్న దిగులుతో, ముందు ఇంకో మాట అడిగాను. అక్కకు ఏమైనా చెప్పమంటావా బావా అని.

"ఏ అక్క?"

ఆ రెండు మాటలూ చూశాక భయం పోయి ఏడుపొచ్చింది. అవతలికి వెళ్ళేకొద్దీ ఇక్కడి బంధాలు ఒక్కొక్కటే మరిచిపోతారని తాతయ్య చెప్పేవాడు. కట్టుకున్న మనిషినే మరిచిపోయాడంటే ఇంక ఎంతో దూరం లేడు. అక్కకు చెప్పకుండా అతన్ని పంపించెయ్యడం పాపమనిపించింది. సాయంత్రం చెబుతానని రాసి, చొక్కా వేసుకుని బయల్దేరాను.

పలాసలో బస్సు దిగితే జీడిగింజలు కాల్చే పొగ ఘాటు. అక్కడి నుంచి ఆటో. సముద్రం దగ్గరయ్యేకొద్దీ జనం దిగిపోతున్నారేగాని ఎక్కేవాళ్ళు లేరు. చివరికి తోటల మలుపులో నన్నూ దించేసి ఆటో తిరిగి వెళ్ళిపోయింది. మిట్టమధ్యాహ్నం. పైన ఎండ కాలుస్తోంది, జీడిచెట్ల కింద మాత్రం నీడ నల్లగా చిక్కగా ఉంది. రాలిన తొలికాపు పళ్ళు పులిసి తియ్యటి కుళ్ళువాసన వేస్తున్నాయి. ఎప్పటి తుఫానుకో తలలు విరిగిన కొబ్బరిమొద్దులు, వెనక నుంచి ఎవరో పిలిస్తే నడుస్తూ ఆగిపోయిన మనుషుల్లా నిలబడి ఉన్నాయి. సరుగుడు చెట్ల సర్వితోట అవతల సముద్రం హోరు. ఫోనులో సిగ్నల్ గీతలన్నీ పోయాయి. పచ్చచుక్క మాత్రం ఆరలేదు.

ఎండుటాకుల మీద నా అడుగుల చప్పుడు నాకే వినిపిస్తోంది. ఆగాను. నేను ఆగాక కూడా చప్పుడు ఆగలేదు.

వెనక్కి తిరిగి చూడటానికి నేను పడ్డ అవస్థ పగవాడికి వద్దు. చూస్తే మేక. పులిసిన పళ్ళు మేసి తూలుతూ నా వెంటే వస్తోంది. యముడి వాహనం దున్నపోతని తెలుసు. అయినా ఎందుకైనా మంచిదని మేకకు కూడా చేతులు జోడించి, మిగిలిన దారంతా పరిగెత్తాను.

నీలవేణి అక్క వాకిట్లో కొబ్బరికాయలు రాశి పోయిస్తోంది. నా ముఖం చూసి ముందు మంచినీళ్ళు ఇచ్చింది. గదిలో దండ వేసిన ధర్మా బావ ఫోటో, దాని కింద గూట్లో అతని ఫోను. నేను నేలమీద కూర్చుని, పచ్చచుక్క దగ్గర నుంచి ఏ అక్క అన్నదాకా అంతా చెప్పాను. ఆ చివరి మాట చెప్పకూడదనుకున్నాను గాని ఆగలేదు. ఆమె ఏడవలేదు. నా ఫోను తీసుకుని పైనుంచి కిందికి నెమ్మదిగా చదువుతోంది.

అప్పుడు ఫోటో కింద ఉన్న ఫోను గుర్రుమని కదిలింది.

తర్వాత జరిగింది నాకు సరిగ్గా గుర్తు లేదు. నేను వాకిట్లో కొబ్బరికాయల రాశి మీద ఉన్నాను. అక్క గడప దగ్గర నిలబడి ఆ ఫోను చూస్తోంది.

"బయపడకు. ఆయన నెంబరు నానే బతికిస్తన్నాను" అంది. "రీఛార్జి సెయ్యకపోతే ఇంకెవులికో ఇచ్చీత్తారట. నాలుగు రోజులై ఇలాటివే వొత్తన్నాయి, ఐడీకి నెంబరు మార్సడానికి ఓటీపీ అని. ఏదో అడ్వటైజు అనుకున్నాను."

ఒక చేతిలో బావ ఫోను, రెండో చేతిలో నా ఫోను. రెండింటినీ మార్చి మార్చి చూసింది. నా దాంట్లో దెయ్యం ఇంకా అడుగుతూనే ఉంది, ఆరంకెలు చెప్పమని.

"సచ్చిపోయినోడికి ఓటీపీ ఏటికిరా తమ్ముడూ?"



ఆమెకు మెల్లగా ఒకటి గుర్తొచ్చింది. ఆసుపత్రిలో ఉన్న చివరి రోజుల్లో, ఆటలో ఊరికే వజ్రాలిస్తామని ఓ లింకు వచ్చిందట. ఐడీ, పాస్‌వర్డు కొట్టమంటే కొట్టిందట. వజ్రాలు రాలేదు. అంత గొడవలో మళ్ళీ దాని మాట పట్టించుకోలేదు. ఎక్కడో ఒకడు ఆ పాస్‌వర్డు దాచుకుని, తీరిక దొరికాక లోపలికి దూరి, మా పాత మాటలన్నీ చదువుకుని నాతో బావలా మాట్లాడాడన్నమాట. వాడికి తెలియనిది ఒకటే, బావ లేడని.

బావ ఐడీలో నువ్వెందుకు పాస్‌వర్డు కొట్టావక్కా అని అడిగాను.

ఆమె గడప మీద కూర్చుంది. "ఒక సెయ్యి మిషనుకి, రెండో సేతికి బీపీ పట్టీ. ఆయన ఫోనెలగ అట్టుకుంటాడు. ఆయన సెప్పేవోడు, నాను రాసేదాన్ని. యుద్ధాలు మాత్రం నావే. తెల్లగుర్రం గెలిసినప్పుడు ఆయన నిద్దరోతన్నాడు." బావ ఫోను కొంగుతో తుడుస్తూ అంది. "నొప్పి తగ్గిందా అని రోజూ అడిగేవోడివి. ఆయన తగ్గలేదంటే కూడా, తగ్గిందనే రాసేదాన్ని. నువ్వు సిన్నోడివి కదా అని."

కొబ్బరికాయల మీద నుంచి లేవబుద్ధి కాలేదు. రెండేళ్ళు నేను బావా బావా అని కబుర్లు చెప్పిన మనిషి ఇక్కడే ఉంది. నేను బతికున్న ఆమెతో ఒక్క మాటా మాట్లాడకుండా, దెయ్యంతో నాలుగు రోజులు మాట్లాడాను.

చివరకు నా ఫోను అందుకుని వాడికి రాశాను. మా బావ కార్తీకంలో పోయాడు, నువ్వెవరివి అని.

తర్వాత, "జోక్ చెయ్యకు బ్రో" అని వచ్చింది.

జోకు కాదు, ఆయన ఫోటోకు దండ వేసి ఉంది, ఆ ఇంటి వాకిట్లోనే కూర్చున్నాను అని రాశాను. ఈలోగా అక్క తన పని తాను చేస్తోంది. పాస్‌వర్డు మరిచానని నొక్కింది, బావ నెంబరుకు అంకెలు వచ్చాయి, కొత్త పాస్‌వర్డు పెట్టింది. పచ్చచుక్క ఆరిపోయి, మళ్ళీ వెలిగింది. ఈసారి ఆమె చేతిలో. తెల్లగుర్రం అక్కడే ఉంది. కానుకగా వచ్చినదాన్ని కొన్నాళ్ళదాకా ఎవరికీ పంపడానికి ఆట ఒప్పుకోదు. అందుకే వాడు ఈలోగా నా ఐడీ కూడా లాగుదామని ఆరంకెలు అడిగాడు.

అంతా అయిపోయిందనుకున్నాం. ఇంతలో ఎవరో తెలియని పేరుతో బావ ఐడీకి ఓ మాట వచ్చింది. "నన్ను బయటికి తోసేశారు. ఇప్పుడు లోపల ఎవరున్నారు?"

దాని కింద వెంటనే ఇంకొకటి. "అతను చచ్చిపోయాడన్నారు కదా. ఎవరున్నారు?"

అక్క ఫోటో వైపు ఓసారి చూసింది. తర్వాత రెండేళ్ళుగా అలవాటైన వేళ్ళతో, తడుముకోకుండా రాసింది.

"ఏటి బావ, ఉన్నావా. నానే."

అవతల ఏదో రాయబోతున్నట్టు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. ఆ తర్వాత ఆ పేరే మాయమైపోయింది. ఎంత వెతికినా దొరకలేదు. ఉక్కపోసే ఏ ఊళ్ళోనో, జనం ఎక్కువగా ఉన్న ఏ గదిలోనో, ఇప్పుడు వాడు కూడా తలుపు ఓరగా తీసిపెట్టి స్నానం చేస్తూ ఉంటాడు. అక్క రాసిన దాంట్లో ఒక్క అబద్ధమూ లేదు మరి.

ఇప్పుడు మా జట్టుకు పెద్ద నీలవేణి అక్క. మోసగాళ్ళను పసిగట్టే శాఖ కూడా ఆమెకే అప్పగించాం. బావ అనకు, అక్క అను అని ఎన్నిసార్లు చెప్పినా ఆటలో మాత్రం నా వేళ్ళు బావ అనే రాస్తాయి. ఆమె కూడా ఏటి బావ అనే పలుకుతుంది.

ఇక నా ప్రతిజ్ఞ. అష్టదిక్పాలకుల సాక్షిగా, ముఖ్యంగా దక్షిణ దిక్కువారి సాక్షిగా చెబుతున్నాను. ఇకమీదట ఆటలో నన్ను ఎవరేమి అడిగినా, అడిగినది కన్నతండ్రి అయినా సరే, ముందు ఫోను చేసి గొంతు విననిదే గడ్డిపోచ కూడా పంపను. ఫోను ఎత్తడానికి వీల్లేని లోకాల్లో ఉన్నవారు దయచేసి నన్ను క్షమించాలి.